నీరు పల్లమెరుగు - మరి ఇల్లు?

ఇల్లు కొనబోయేవాళ్ళు అడగని ప్రశ్న ఉండదు. సింహద్వారం ఏ దిక్కున ఉంది? నైరుతి పెరిగిందా, తగ్గిందా? వీధిపోటు ఉందా? ఈశాన్యాన నుయ్యో, నీళ్ళతొట్టో ఉందా? బడి ఎంత దూరం, బజారు ఎంత దూరం? ఇవన్నీ అడగవలసినవే, కాదనను. కాని, "ఒక్క రాత్రిలో పది అంగుళాల వాన కురిస్తే ఈ నట్టింట్లోకి నీరు వస్తుందా? వస్తే ఎంత ఎత్తుకు వస్తుంది?" అని అడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కుళాయిలో వచ్చేవి మంజీరా నీళ్ళా, కృష్ణ నీళ్ళా అని ఆరా తీస్తాము. పిలవని పేరంటంగా వీధి తలుపులోంచి వచ్చే నీళ్ళ సంగతి మాత్రం మనకు గుర్తు రాదు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇళ్ళ కట్టుబడి పనులు చూసినవాణ్ణి. నేరేడ్‌మెట్‌లో చాలాకాలంగా కాపురముంటున్నాను. ఆ పరిచయం వల్ల, ఇల్లు కొనేముందు ఎవరో ఒకరు నన్ను వెంటబెట్టుకొని వెళ్ళడం మామూలైపోయింది. అలా తిరగడంలో నేను నేర్చుకొన్న నాలుగు సంగతులు చెబుదామని ఈ వ్యాసం.

మెట్టమీద వరదా?

"నేరేడ్‌మెట్‌కు వరదలేమిటండీ, మీరు మరీను! ఇదేమన్నా గోదావరి లంకా?" అంటారు చాలామంది. నిజమే. హైదరాబాదు సముద్ర మట్టానికి ఇంచుమించు 1,750 అడుగుల ఎత్తున ఉంది. మూసీనది మాకు కొన్ని మైళ్ళ దూరం. ఊరి పేరు పలికితేనే నేరేడు చెట్టూ, మెట్ట నేలా మనస్సుకు తోస్తాయి. మరి వరద ఎక్కడినుంచి వస్తుంది?

మెట్ట నేల గనుకనే ఇక్కడ చెరువులు వెలిశాయి. దక్కను పీఠభూమిలో పారే నదులు తక్కువ, రాతినేల ఎక్కువ. వాన నీటిని పల్లంలో కట్టవేసి ఆపకపోతే వేసవికి గుక్కెడు నీళ్ళుండవు. అందుకని మన పెద్దలు పై చెరువు నిండితే దాని అలుగు పొర్లి కింది చెరువుకూ, అది నిండితే ఆ కింది దానికీ నీరు చేరేటట్లు వరసగా కట్టారు. వీటినే గొలుసు చెరువులన్నారు. మా ప్రాంతంలో రామకృష్ణాపురం చెరువుంది. సఫిల్‌గూడలో నడిమి చెరువుంది. మల్కాజిగిరి వైపున బండ చెరువుంది. నడిమి చెరువు అనే పేరే చూడండి! పైన ఒకటీ, కింద ఒకటీ ఉంటే గాని ఏదీ "నడిమి"ది కాదు గదా! పేరు పెట్టినవాళ్ళకు నీటి దారి తెలుసు. పేరు పలుకుతున్న మనమే మరచిపోయాము.

చెరువుకు చెరువుకు మధ్య ఉన్న కాలువ పొలాల్లోంచి పారినంతకాలం, ఏడాదికి ఒకటి రెండు సార్లు గట్లు దాటినా ఎవరికీ బెంగ ఉండేది కాదు. పొలాలు పోయి కాలనీలు వచ్చాయి. కాలువ నాలా అయింది. నాలా ఇరుకైంది. చెరువు శిఖం భూమిలో సైతం కొన్నిచోట్ల ఇళ్ళు లేచాయి. మట్టినేల ఇంకించుకొనే వాననీరు ఇప్పుడు సిమెంటు రోడ్డుమీద, డాబాలమీద పడి, ఒక్కుమ్మడిగా పల్లానికి పరుగెత్తుతున్నది. అదే వాన, అదే పల్లం. కాని నీరు చేరడానికి పట్టే వ్యవధి తగ్గింది, పరిమాణం పెరిగింది. మెట్టమీద వరద అంటే ఇదే.

ఈ మాట ఎంత నిజమో 2020 సెప్టెంబరులో మా ఊరికి గుండె పగిలేటట్లు తెలిసివచ్చింది. నేరేడ్‌మెట్ దీనదయాళ్ నగర్‌లో పన్నెండేళ్ళ పిల్ల సాయంత్రం సైకిలుమీద బయటికి వెళ్ళింది. వాన కురిసి రోడ్డేదో నాలా ఏదో తెలియకుండా నీరు నిండింది. మూతలేని నాలాలో ఆ పిల్ల పడిపోయింది. మర్నాడు బండ చెరువులో ఆమె దేహం దొరికింది. మనం పటాల్లో వెతుక్కొనే నీటి దారిని ఆ నీరే అట్లా చూపించింది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. కాని ఆడపిల్లలున్న ప్రతి ఇంటా ఆ వారం అన్నం సయించలేదు.

సరిగ్గా నెల తిరక్కుండానే, అక్టోబరు 13వ తేదీన, నగరమంతా మునిగింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు దాటింది.

ఇది కొత్త జబ్బు కాదు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. పదిహేను వేలమంది చనిపోయారని అంచనా. నిజాం ప్రభుత్వం పిలుపుమీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వాన లెక్కలూ, చెరువుల లెక్కలూ తీశారు. నది పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా, ఆ వానకు 221 తెగిపోయాయని తేలింది. తెగిన ప్రతి చెరువూ కింది చెరువుమీద పడింది. అది మరొకదాని మీద. ఆయన సలహామీదనే ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

పెద్దనదికి ఆనకట్ట వేసి వరదను ఆపవచ్చు. వీధి చివర నాలాకు ఆనకట్ట వేయలేము. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు మునిగిన ఇళ్ళు మూసీ ఒడ్డు ఇళ్ళు మాత్రమే కావు. చెరువుల దిగువనా, నాలాల పక్కనా ఉన్న ఇళ్ళు.

ఈ మూడు తేదీలలో ఒక పాఠం ఉంది. ఆగస్టు చివర, సెప్టెంబరు చివర, అక్టోబరు నడుమ. జూన్‌లో తొలకరి వానకు చెరువులు ఖాళీగా ఉంటాయి. ఎంత కురిసినా పట్టుకొంటాయి. సీజను ముగిసేవేళకు అవి నిండుకుండలు. అప్పుడు పడిన ప్రతి చుక్కా అలుగు పొర్లవలసిందే. కాబట్టి "ఈ ఏడాది వానాకాలం గడిచిపోయింది, గండం గట్టెక్కాము" అని దసరా ముందు అనుకోకూడదు.

ఇటుకలు చెప్పిన సాక్ష్యం

ఆ మధ్య మా అక్కయ్యా బావగారూ ఖమ్మంనుంచి వచ్చారు. బావగారు రిటైరైన డబ్బుతో నేరేడ్‌మెట్‌లో, మాకు దగ్గరగా, ఒక ఇల్లు కొనాలని సంకల్పం. వాళ్ళకు కింది అంతస్తే కావాలి. ఎందుకంటే బావగారి తల్లి, మా అత్తయ్యగారికి, ఎనభై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మేడ మెట్లు ఎక్కలేరు.

బేరం కుదిరిన ఇల్లు చూడ ముచ్చటగా ఉంది. మూడు పడకగదులు, కొత్త రంగులు, ముందు పారిజాతం చెట్టు. ధర కూడా చుట్టుపక్కల కంటె తక్కువ. చెరువు అలుగుకు దిగువన, నాలాకు రెండు వీధుల ఇవతల ఉందా కాలనీ. నేను నేల వాలు చూస్తూ, వీధి ఎత్తుకు గడప ఎంత ఎత్తుందో కొలుస్తూ ఉంటే, బావగారికి కొంచెం విసుగు పుట్టింది.

"ఏమయ్యా, ఇంటిని చూడమంటే వీధిని చూస్తావేం?" అన్నారు.

"వీధే ముందు లోపలికి వస్తుంది బావగారూ, మనం తర్వాత వస్తాము" అన్నాను.

మధ్యవర్తి నవ్వి, "ఎప్పుడో ఇరవైలో కాస్త నీళ్ళు నిలిచాయండీ. ఆ తర్వాత ప్రభుత్వంవారు నాలాలకు ప్రత్యేకంగా పనులు పెట్టారు గదా, ఇప్పుడేం భయం లేదు" అన్నాడు. 2020 వరదల దరిమిలా నాలాల అభివృద్ధికి ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమం చేపట్టిన మాట వాస్తవమే. అతను అబద్ధమాడాడని నేననను. కాని "కాస్త" అంటే ఎంతో తేలాలి గదా!

తేల్చినది మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టినిల్లూ మెట్టినిల్లూ కోనసీమ లంక గ్రామాలే. మేము కొలతల్లో మునిగి ఉండగా ఆవిడ పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి మంచినీళ్ళడిగారు. ఆ ఇంటి ఇల్లాలు కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అత్తయ్యగారి చూపు వంటింటిమీద పడింది.

"ఏమ్మా, ఫ్రిజ్జు కింద ఆ ఇటుకలెందుకు పెట్టుకున్నారు?"

"నీళ్ళొస్తయి గదమ్మా, వానలప్పుడు."

"ఎంతదాకా?"

"ఏటా రావు. వస్తే గీ కాడికి" అని ఆమె తన పిక్క చూపించింది. "గా ఇరవైల అయితే మంచం మునిగింది. బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తడిసినయ్."

అత్తయ్యగారు తిరిగి వచ్చి, కొడుకుతో ఒకే మాట అన్నారు: "నాయనా, ఆ ఇంట్లో ఫ్రిజ్జు నాలుగు ఇటుకల ఎత్తున ఉంది, ఇన్వర్టరు గోడమీద బల్లెక్కింది, బీరువా కింద రాళ్ళున్నాయి. ఇక్కడ ఇంటికన్నా సామానే ముందు జాగ్రత్తపడింది."

మూడు రోజులు నేను తిరిగి తేల్చవలసిన సంగతిని ఆవిడ మూడు నిమిషాల్లో తేల్చారు. భద్రాచలంలో గోదావరికి కొలబద్ద ఉంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చింది. అక్కడ ఇల్లు కట్టేవాడికి ఏ అంకెకు భయపడాలో తెలుసు. మా కాలనీలకు అటువంటి కొలబద్ద లేదు. పక్కింటి గోడమీది మరకే మన కొలబద్ద. ఫ్రిజ్జు కింది ఇటుకలే మన అంకెలు. ఇల్లు అమ్మేవాడు రంగు వేయించి మరకను చెరిపివేయవచ్చు. పక్కింటివాళ్ళ ఇటుకలను తీయించలేడు!

ఎంత ఎత్తు చాలు?

నీటి గుర్తు తెలిసిన తర్వాత మిగిలిన లెక్క సులభం. మామూలు ఇంటికి పునాది మట్టం చుట్టూ ఉన్న నేలకంటె 45 సెంటీమీటర్లకు, అంటే అడుగున్నరకు, తక్కువ కాకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అది వరద లేని చోటు సంగతి. నీరు నిలిచే చోట ఇది వరకు వచ్చిన అతి ఎత్తు మట్టాన్ని గుర్తుపెట్టుకొని, దానిమీద మరో రెండడుగులు కలుపుకోవడం క్షేమం. పిక్కలదాకా వస్తుందంటే, నేలమీంచి మూడున్నర అడుగుల గడప కావాలన్నమాట.

ఇంకొక చిక్కు ఉంది. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదనే కొత్త పొర పోస్తుంటారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి వీధి అడుగు పెరుగుతుంది, ఇల్లు అడుగు దిగుతుంది. అందుచేత పాత ఇంటికి గడప ఎత్తు కట్టినప్పుడెంత అని కాదు, నేడెంత అని టేపు పెట్టి చూడాలి.

చట్టం మాటకు వస్తే, 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఎడమ ఎంత విడవాలో స్పష్టంగా చెప్పింది. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటి మట్టపు గీతనుంచి 30 మీటర్లు వదలాలి. అంతకు చిన్నచెరువులకూ కుంటలకూ 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పున్న కాలువకూ వాగుకూ 9 మీటర్లు. అంతకు తక్కువ వెడల్పుంటే 2 మీటర్లు. గీత అంటే వేసవిలో నీళ్ళు కనిపించే చోటు కాదు. చెరువు నిండుగా ఉండి అలుగు పారుతున్నప్పటి అంచు. హెచ్.ఎం.డి.ఏ. వారు ఈ గీతలతో చెరువుల పటాలు ప్రకటించారు. ఇంటి పటం చూసినంత శ్రద్ధగా ఆ పటమూ చూడండి. అయితే చట్టం చెప్పిన దూరం దాటినంత మాత్రాన నీరు రాదని కాదు. అలుగుకు దిగువనున్న పల్లం అరమైలు దూరమున్నా పల్లమే!

ఇక నేలమాళిగలు. కారు పెట్టుకొనేందుకూ, సామాను వేసుకొనేందుకూ అనుమతి పొంది, తర్వాత అక్కడ మనుషులను కూర్చోబెట్టడం మన నగరాల్లో రివాజైంది. 2024 జూలై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలోకి వీధి నీరు దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించారు. సామాను పెట్టుకొనేందుకు ఇచ్చిన అనుమతితో అక్కడ గ్రంథాలయం నడిపారు. నీటికి ఎదురుగా తలుపు తెరవడం ఎంత కష్టమో చూడండి: ఒక మీటరు లోతు నీరు, గోడ పొడుగున ప్రతి మీటరుకూ 500 కిలోల బరువుతో తోస్తుంది. ఇద్దరు బలశాలులు కూడా ఆ తలుపును లాగలేరు.

ప్రహరీ గోడకూ ఇదే లెక్క. ఒకవైపు నీరు పేరుకొని, రెండోవైపు ఖాళీగా ఉంటే గోడ పడుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి బండ్లగూడలో గోడ కూలి ఇళ్ళమీద పడి పలువురు మరణించారు. అందుకని నీరు వచ్చే చోట ప్రహరీకి అడుగున కన్నాలు వదలాలి. నీటిని బయట ఆపాలని చూడకండి. రెండువైపులా సమంగా నిలవనివ్వండి. గోడ బతుకుతుంది.

ఏది ఎక్కడ పెట్టాలి?

ఇల్లు మార్చుకోలేని వాళ్ళూ, అద్దెకున్నవాళ్ళూ చాలామంది ఉంటారు. వాళ్ళకు ఇంటి ఎత్తు చేతిలో లేదు. సామాను ఎత్తు ఉంది. ఈ విద్యలో మన పూర్వులు ఆరితేరినవాళ్ళు. నీరు నిలవని మెట్ట ప్రాంతాల్లో ధాన్యాన్ని నేలలో పాతర వేశారు. తడి నేల కోస్తాలో ఎత్తు దిమ్మలమీద పురులు కట్టారు, గాదెలు నిలిపారు. అటక లేని లంక ఇల్లు లేదంటారు మా అత్తయ్యగారు. ధాన్యం ఒక్కటే, నేలనుబట్టి నిలవచేసే తీరు వేరు. మన కాలనీ ఏ జాతి నేలో తెలిస్తే, సామాను సర్దడం తెలుస్తుంది.

నేనైతే ఇంటి సామాను మూడు రకాలుగా విడదీస్తాను: తడిస్తే పాడైపోయేవి, తడిస్తే మనకు హాని చేసేవి, తడిసినా ఫరవాలేనివి. మూడోరకానికే నేల. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బక్కెట్లు, ఇత్తడి బిందెలు కింది అరలో ఉండవచ్చు. మనవాళ్ళు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. పండుగకు వాడే ఇత్తడి సామాను అటకమీద, రోజూ వండే బియ్యం బస్తా నేలమీద!

రెండోరకంలో మొదటిది గ్యాసు సిలిండరు. నిండు సిలిండరు బరువు ఇంచుమించు 30 కిలోలు. అది తోసివేసే నీటి బరువు అంతకంటె ఎక్కువ. కాబట్టి ఖాళీదే కాదు, నిండుది కూడా తేలుతుంది. తేలి, వాలి, ట్యూబును లాగేస్తుంది. వానాకాలంలో సిలిండరును గోడకు గొలుసుతో నిలువుగా కట్టడం, నీరు రాకముందే రెగ్యులేటరు తీసి మూత బిగించడం తప్పనిసరి. ఇన్వర్టరు బ్యాటరీ మెట్ల కింద నేలమీద ఉండకూడదు. మీటరు బోర్డూ, ప్లగ్గులూ నీటి గుర్తుకు పైన ఉండాలి. కింది అంతస్తుకు విడిగా ఒక స్విచ్చి ఉంటే, దాన్ని కట్టేసి మేడమీద దీపం వెలిగించుకోవచ్చు. నీళ్ళలో నిలబడి మాత్రం ఏ స్విచ్చీ ముట్టకూడదు. ఫినాయిలు, ఆసిడు, పురుగుమందు వంటివి మూతగల డబ్బాలో పెట్టి, తిండి సామానుకు దూరంగా, పిల్లలకు అందని ఎత్తున ఉంచాలి.

మొదటిరకంలో కాగితాలది అగ్రస్థానం. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు బీరువా అట్టడుగు సొరుగులో ఉంచేవాళ్ళే ఎక్కువ. ఈ పొరపాటు చదువుకున్నవాళ్ళకూ తప్పలేదు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగినప్పుడు, నది ఒడ్డునే ఉన్న జాతీయ గ్రంథాలయంలో కింది భాగాల్లో ఉంచిన లక్షలాది పుస్తకాలు, పత్రికలు బురదపాలయ్యాయి. ఏళ్ళ తరబడి బాగుచేస్తూనే ఉన్నారు. అంత గొప్ప గ్రంథాలయానికి వచ్చిన ఆపద మన బీరువాకు రావడానికి ఎంతసేపు? దస్తావేజులను జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో వేసి, చేతిపెట్టెలో పెట్టి, అటకమీద ఉంచండి. నకళ్ళు మరో ఊళ్ళో ఉన్న దగ్గర బంధువు దగ్గర ఉంచండి. సెల్‌ఫోనులో బొమ్మలు తీసి పంపుకోవడం ఖర్చులేని పని. తడిసిన కాగితాన్ని ఎండలో వేయవద్దు, ముడతలుపడి చిట్లుతుంది. నీడలో, పంకా గాలికి, తెల్లకాగితాలు నడుమ వేసి ఆరబెట్టాలి.

బియ్యం, పప్పులు మూతబిగిసే డబ్బాల్లో బల్లమీద ఉండాలి. వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది గనుక, తడిసిన బియ్యాన్ని కడిగి ఆరబోసి వాడుకోవడం పొదుపు కాదు, రోగం. ఈ మాట చెప్పినప్పుడు మా అక్కయ్య, "మరి ఆవకాయ జాడీలో?" అని కంగారుపడింది. గుడ్డ వాసెన కట్టిన జాడీలోకి నీరు పోతే దాన్ని పారబోయవలసిందే. "అయితే జాడీలు ముందు, దస్తావేజులు తర్వాత" అంది అక్కయ్య. మందులూ అంతే, నీరు సోకినవి వాడరాదు.

సంపు అనే పడవ

జంటనగరాల ఇళ్ళలో ఎవరూ ఆలోచించనిది నేలలోని నీళ్ళ సంపు. వరద నీరు మొదట చేరేది అందులోకే. ఇల్లు మునగకపోయినా సంపు మునుగుతుంది. ఆ నీళ్ళే మోటారు మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తుంది, కుళాయిలో వస్తాయి, పిల్లలు తాగుతారు. సంపు మూత నేలకు సమంగా ఉండకూడదు. చుట్టూ గట్టు లేపి, రబ్బరు అంచుతో బిగిసే మూత పెట్టాలి.

రెండో ప్రమాదం విచిత్రమైనది. చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు ఖాళీ సంపు పడవవంటిది. పదివేల లీటర్ల సంపును నేలలోని నీరు పది టన్నుల బలంతో పైకి తోస్తుంది. అడుగు పగలవచ్చు. అందువల్ల పెద్దవాన హెచ్చరిక రాగానే సంపును మంచినీళ్ళతో నిండుగా నింపి మూత బిగించాలి. తాగే నీటికి లోటుండదు, సంపూ కదలదు. మురుగు చేరినట్లయితే బయటి నీరు తీసిన తర్వాతనే తోడి, కడిగి, కొత్తనీరు పట్టి, వెయ్యి లీటర్ల తేటనీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చొప్పున కలిపి గంటసేపు ఉంచాలి. కొంతకాలం కాచి తాగడం ఇంకా మంచిది.

మరొకటి. నీరు గుమ్మంలోంచే రానక్కరలేదు. వీధి డ్రైనేజీ నిండినప్పుడు మరుగుదొడ్డిలోంచీ, స్నానాలగది తూములోంచీ వెనక్కి తంతుంది. బయటికి పోయే గొట్టానికి నీటిని ఒకవైపే పోనిచ్చే వాల్వు బిగిస్తే ఈ బెడద తప్పుతుంది. అప్పటికప్పుడైతే ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచీ తూముమీద అదిమిపెట్టడమే ఉపాయం.

మా వాళ్ళేం చేశారు?

పారిజాతం చెట్టున్న ఇల్లు బావగారికి మనసులోంచి ఒకంతట పోలేదు. "మనమూ ఇటుకలు పెట్టుకుందాం" అన్నారు రెండుసార్లు. అక్కయ్యే, "ఫ్రిజ్జు కింద పెడతాం సరే, అత్తయ్యగారి కిందేం పెడతాం? అర్ధరాత్రి నీళ్ళొస్తే ఆవిణ్ణి మేడమీదికి ఎత్తుకెళ్ళేది ఎవరు?" అంది. ఆ ప్రశ్నతో బేరం ఆగిపోయింది. ఇంట్లో ముసలివాళ్ళూ, పసివాళ్ళూ, మంచం పట్టినవాళ్ళూ ఉన్నవాళ్ళు వేసుకోవలసిన మొదటి లెక్క అదే. పరుగెత్తలేనివాళ్ళు ఎంత ఎత్తున ఉన్నారు?

చివరికి నాలుగు వీధుల ఎగువన ఇల్లు తీసుకున్నారు. మూడు గదులకు బదులు రెండు. ధర మాత్రం తగ్గలేదు. గడప వీధికంటె 30 అంగుళాల ఎత్తుంది. అత్తయ్యగారి కోసం మెట్టుకు ఐదంగుళాలు మించకుండా ఆరు మెట్లు కట్టించి, రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీలు వేయించాము. దినమూ సాయంత్రం ఆవిడ ఆ మెట్లు దిగి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ ఎక్కుతున్నారు.

అందరికీ ఇల్లు ఎంచుకొనే స్తోమత ఉండదు. పల్లపు కాలనీలో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు, అద్దె తక్కువ గనుక. అందుకని కాలనీ సంఘాలవాళ్ళు గణేశ ఉత్సవాలకు చందాలు వేసుకొనేనాడే, మన వీధి నాలాకు మూతలున్నాయా, చెత్త అడ్డుపడిందా అని ఒకసారి నడిచి చూస్తే బాగుంటుంది. మూతలేని నాలా పక్కన ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు గోడమీద నీటి మరక ఎంతవరకు వచ్చిందో అద్దెకు వచ్చేవాళ్ళతో ముందే చెప్పడం మర్యాద.

ప్రతి ఏటా ఎండలు ముదిరే వేళకు మన ఇళ్ళలో ఆవకాయ పెట్టుకొంటాము. ఆ జాడీలు సర్దేనాడే, మృగశిర కార్తె రాకముందే, ఒక్క పూట ఇంటికి కేటాయించండి. బియ్యం బల్లెక్కిందా? సిలిండరుకు గొలుసుందా? దస్తావేజులు అటకమీదికి చేరాయా? సంపు మూత బిగుస్తుందా? నాలుగు ప్రశ్నలు. వాటి జవాబులు దీపావళి వెళ్ళేదాకా అలాగే ఉండనివ్వండి. నీరు పల్లమెరుగు. మన సామానుకు ఎత్తు తెలిసేటట్లు చేయవలసింది మనమే.